మౌలానా హాలీ: కలం మార్చిన బాట

ఖ్వాజా అల్తాఫ్ హుసైన్ హాలీ 1837లో పానిపట్‌లో జన్మించారు. చదువుపై మక్కువతో యుక్తవయసులోనే ఇల్లు విడిచి ఢిల్లీ చేరారు. మీర్జా గాలిబ్ సాన్నిధ్యంలో ఆయన కవితాభిరుచి పదునెక్కింది. 1857 తిరుగుబాటు అణచివేతతో ఆ ఢిల్లీ చెదిరిపోయింది. సమాజం కుప్పకూలినా ముషాయిరాల్లో మాత్రం అవే విరహ గజళ్ళు, అవే అతిశయోక్తులు!

తర్వాత లాహోర్‌లో, ఆంగ్ల గ్రంథాల ఉర్దూ అనువాదాలను సరిదిద్దే ఉద్యోగం ఆయన ఆలోచనను మార్చింది. 1874లో అక్కడ ముహమ్మద్ హుసైన్ ఆజాద్ తదితరులతో కొత్త తరహా ముషాయిరాల్లో పాల్గొన్నారు. అక్కడ గజల్ పాదానికి బదులు వర్షాకాలం, దేశభక్తి వంటి అంశాలపై నజ్మ్‌లు చదివేవారు. సర్ సయ్యద్ ప్రోత్సాహంతో 1879లో ‘ముసద్దస్’ వెలువరించారు. అందులో ముస్లింల గత వైభవంతో పాటు వారి సోమరితనాన్నీ, అజ్ఞానాన్నీ దాచకుండా చూపారు. అది సభల్లోనూ, ఇళ్ళల్లోనూ మార్మోగింది. 1887లో హైదరాబాద్ సంస్థానం నెలవారీ భృతి మంజూరు చేయడంతో పూర్తిగా రచనకే అంకితమయ్యారు. 1905లో ‘చుప్ కీ దాద్’ ద్వారా స్త్రీల మౌనవేదనను లోకానికి వినిపించారు. 1914లో కన్నుమూశారు.

సోదర సోదరీమణులారా! తాను ఆరితేరిన కవిత్వంలోని లోపాన్ని తానే ఎత్తిచూపడం తేలిక కాదు. హాలీ సంస్కరణను తన కలంతోనే మొదలుపెట్టారు. మనం దేనితో మొదలుపెడదాం?