ఫ్రాన్సిస్ డే

ఫ్రాన్సిస్ డే (1605 – 1673) ఇంగ్లీషు ఈస్టిండియా కంపెనీ ఉద్యోగి. నెల్లూరు తీరంలోని దుగరాజపట్నం వర్తక స్థావరానికి అధికారిగా పనిచేశాడు. 1639లో దామెర్ల వెంకటాద్రి నాయకుని వద్ద మద్రాసపట్నంలో కోట కట్టుకొని వర్తకం చేసుకొనే అనుమతి సంపాదించాడు. చెన్నపట్నం స్థాపకులుగా ఆండ్రూ కోగన్, బేరి తిమ్మన్నలతో పాటు ఇతని పేరు చెబుతారు.

నేపథ్యం

ఆ కాలంలో ఇంగ్లండు సరుకులకు తూర్పు దేశాలలో గిరాకీ తక్కువ. జావాలోని బాంటమ్ రేవులో మిరియాలు కొనాలంటే కోరమాండల్ తీరపు నూలు వస్త్రాలు, ముఖ్యంగా అద్దకపు బట్టలు, చేతిలో ఉండాలి. అందుకని కంపెనీ 1611లో మచిలీపట్నంలో స్థావరం పెట్టుకొన్నది. కాని గోల్కొండ అధికారుల వసూళ్లతో అక్కడి వ్యాపారం సాఫీగా సాగలేదు. పులికాటులో డచ్చివారు 1613 నాటికే కోట కట్టుకొని స్థిరపడ్డారు. ఇంగ్లీషువారిని అక్కడ నిలువనీయలేదు. చివరకు 1626లో పులికాటుకు ఉత్తరాన దుగరాజపట్నంలో చోటు దొరికింది. ఇందుకు తోడ్పడిన అరుముగ మొదలియారు పేరు మీద ఆంగ్లేయులు ఈ ఊరిని ఆర్మగాన్ అని పిలిచారు. భారతదేశంలో ఇంగ్లీషువారు ఫిరంగులతో బలపరచుకొన్న మొదటి స్థావరం ఇదే. 1628లో ఇక్కడ 12 ఫిరంగులు, వర్తకులు సిపాయిలు కలిపి 23 మంది ఉండేవారు.

దుగరాజపట్నంలో

1630వ దశకంలో డే ఈ స్థావరానికి అధికారి అయ్యాడు. ఓడలు నిలవడానికి ఈ రేవు అనువైనదే. తీరానికి ఎదురుగా ఉన్న ఇసుకమేట అలల తాకిడిని అడ్డుకొనేది. అయితే కంపెనీకి కావలసిన రకం బట్టలు చుట్టుపక్కల చాలినంత దొరికేవి కావు. రేవు ఎంత మంచిదైనా, నేతగాళ్లు, అద్దకందార్లు దగ్గరలో లేకుంటే ఈ వర్తకం సాగదు. ఈ విషయాన్ని డే గ్రహించాడు. 1637లో పుదుచ్చేరి వరకు వెళ్లి వేరే చోటు కోసం చూచి వచ్చాడు.

మద్రాసపట్నం ఒప్పందం

1639లో మచిలీపట్నం అధికారుల అనుమతితో డే మళ్లీ దక్షిణానికి బయలుదేరాడు. దుబాసీ బేరి తిమ్మన్న సంప్రదింపులకు తోడ్పడ్డాడు. మద్రాసపట్నం ప్రాంతంలో బట్టల ధర ఇతర చోట్ల కంటే ఐదోవంతు తక్కువని డే తన పైవారికి నివేదించాడు. నాయకుని అవసరాలు వేరు. అతనికి తన రేవు వృద్ధి చెందాలి, పారశీక గుర్రాలు రావాలి. ఈ రెండు అవసరాలు కలిసిన చోటే ఒప్పందం కుదిరింది. దాని ప్రకారం కంపెనీ కోట కట్టుకోవచ్చు, నాణేలు ముద్రించుకోవచ్చు. కంపెనీ సొంత సరుకుపై సుంకం లేదు. రేవులో ఇతరుల నుండి వచ్చే సుంకంలో సగం కంపెనీకి చెందుతుంది. వెంకటాద్రి తండ్రి చెన్నప్ప నాయకుని పేరు మీద అక్కడ వెలసిన కొత్త ఊరికి చెన్నపట్నం అని పేరు వచ్చింది.

ఒప్పందపత్రంపై జూలై 22 అని ఉంది. కాని డే మద్రాసపట్నం చేరినది జూలై 27న కావటంతో, అసలు తేదీ ఆగస్టు 22 అయి ఉండవచ్చని చరిత్రకారులు భావించారు. మద్రాసు దినోత్సవం ఆగస్టు 22నే జరుగుతుంది.

శాంథోములో ఉన్న ఒక స్త్రీ కోసమే డే ఈ చోటు ఎంచుకొన్నాడని ఒక కథ ప్రచారంలో ఉంది. బట్టల ధరలే తగిన కారణంగా కనిపిస్తున్నప్పుడు ఈ కథ అవసరం లేదు.

కోట ఖర్చు వివాదం

కోటను నాయకుడే తన ఖర్చుతో కట్టిస్తాడని డే చెప్పాడు. 1640 ఫిబ్రవరిలో కోగన్, డే దుగరాజపట్నం సరంజామాతో తరలివచ్చిన తరువాత ఆ మాట నిలువలేదు. అంత ఖర్చు భరిస్తానని నాయకుడు ఒప్పుకోలేదు. కోట పూర్తయ్యేవరకు ఖర్చయ్యే సొమ్ముకు వడ్డీ తానే ఇస్తానన్న డే కూడా తరువాత వెనుదీశాడు. అయినా మార్చి 1న పని మొదలైంది. సెయింట్ జార్జి కోట అదే. లండనులోని కంపెనీ పెద్దలకు ఈ ఖర్చు రుచించలేదు. కోగన్ సంజాయిషీ ఇచ్చుకోవలసి వచ్చింది. చివరకు నిర్దోషి అని తేలింది. డే నాయకుని ఒప్పించగలిగాడు కాని, తన సొంత కంపెనీకి చెప్పినది మాత్రం ఉన్నదానికంటే ఎక్కువ అని ఒప్పుకోక తప్పదు.

తరువాతి జీవితం

సొంత వ్యాపారం చేశాడన్న ఆరోపణకు జవాబు చెప్పడానికి డే 1641లో ఇంగ్లండుకు వెళ్లి, మరుసటి ఏడు తిరిగి వచ్చాడు. 1642లో ఒడిషా తీరంలోని బాలాసోర్ చూచి, ఆ స్థావరాన్ని పూర్తిగా వదులుకోరాదని సలహా ఇచ్చాడు. 1643 నుండి 1644 వరకు సెయింట్ జార్జి కోటకు ఏజెంటుగా ఉన్నాడు. 1673లో మరణించాడు.

దుగరాజపట్నం

కంపెనీ తరలిపోయిన తరువాత దుగరాజపట్నం వర్తక ప్రాముఖ్యం కోల్పోయింది. ఆర్మగాన్ పేరు దీపస్తంభానికి, ఇసుకమేటకు మిగిలింది. 2014 ఆంధ్రప్రదేశ్ పునర్విభజన చట్టంలో ఇక్కడ పెద్ద ఓడరేవు నిర్మించాలని, మొదటి దశ 2018 నాటికి పూర్తి కావాలని పేర్కొన్నారు. ఆ గడువు నెరవేరలేదు. నెల్లూరు జిల్లాలో ఉండిన ఈ గ్రామం 2022లో ఏర్పడిన తిరుపతి జిల్లాలో చేరింది.