విద్యుత్తునకు మానిక నిచ్చిన మేధావి: ఎడ్వర్డ్ వెస్టన్

ధాన్యము కొలుచు కుంచము, నూనె పోయు సోల, బంగారము తూచు త్రాసు, వీనిపై నమ్మకమున్నంతవరకే బేరము సాగును. కుంచము ఒక యింట పెద్దదిగను, మరియొక యింట చిన్నదిగను ఉన్నచో తగవులు పెరుగును, స్నేహములు చెడును. కంటికి కనబడు వస్తువుల సంగతియే ఇట్లుండగా, కంటికి కనబడక తీగలో ప్రవహించు విద్యుచ్ఛక్తి మాట చెప్పనేల? ఆ శక్తికి నమ్మదగిన మానికను తయారుచేసి లోకమునకిచ్చిన వారిలో అగ్రగణ్యుడు ఎడ్వర్డ్ వెస్టన్. ఆయన పేరిట నమోదైన పేటెంటులు 334. వానిలో అత్యుత్తమమైన దానిపై తన హక్కును తానే వదలుకొనుట ఆయన జీవితమున కెల్ల వన్నె తెచ్చిన ఘట్టము.

వెస్టన్ 1850వ సంవత్సరము మే నెల 9వ తేదీన ఇంగ్లండు దేశమున ఆస్వెస్ట్రీ పట్టణ ప్రాంతమున జన్మించెను. బాల్యము నుండియు ఆయనకు రసాయన శాస్త్రముపై మక్కువ మెండు. కాని కుమారుడు వైద్యుడై పదిమందికి పనికిరావలెనని తల్లిదండ్రుల కోరిక. వారి మాట కాదనలేక ఆయన వైద్యము నభ్యసించి, 1870లో పట్టమును పొందెను. పట్టము చేతికి వచ్చినను మనస్సు మాత్రము ఆ వృత్తిపై నిలువలేదు. ఆ సంవత్సరముననే, ఇరువది యేండ్ల ప్రాయమున, స్వదేశమును విడిచి అమెరికా చేరెను. న్యూయార్కు నగరమున లోహములకు పూత వేయు పరిశ్రమలో ఆయనకు ఉద్యోగము దొరకెను.

విద్యుత్తు సహాయముతో ఒక లోహముపై మరియొక లోహమును పలుచగా పూయుట ఆ పరిశ్రమ పని. పూత వేయవలసిన వస్తువును తగిన ద్రావకములో ముంచి, ఎదురుగా నికెలు పలకను వ్రేలాడదీసి విద్యుత్తును పంపినచో, పలకలోని నికెలు మెల్లమెల్లగా కరగి వస్తువుపై పేరుకొనును. చెప్పుటకు సులభమే గాని చేయుట కష్టము. ఆనాడు విద్యుత్తునకు బ్యాటరీలే ఆధారము. అవి ఖర్చుతో కూడినవి. పైగా కొంతసేపటికి నీరసించును. ప్రవాహము ఒకసారి హెచ్చుగను ఒకసారి తగ్గుగను ఉన్నచో పూత గరుకెక్కును, పెచ్చులూడును. పని చెడుటకు కారణము పనివాని చేతిలో లేదనియు, ప్రవాహము నిలుకడగా లేకపోవుటయే మూలమనియు వెస్టన్ గ్రహించెను. నిలుకడ కొరకు ఆనాడు మొదలైన అన్వేషణ ఆయనను జీవితాంతము విడువలేదు.

ఆయన మొదట నికెలు పలకల తయారీని సరిదిద్ది, 1875లో దానికి పేటెంటు పొందెను. పిదప విద్యుత్తును పుట్టించు డైనమోలవైపు దృష్టి మరల్చెను. యంత్రబలముతో తిరుగు డైనమో బ్యాటరీ వలె నీరసింపదు. తిరుగుచున్నంత కాలము ప్రవాహము నిచ్చుచునే యుండును. న్యూజెర్సీ రాష్ట్రమునందలి న్యూవార్కు నగరమున 1877లో ఆయన డైనమో యంత్రముల సంస్థను నెలకొల్పెను. పూత పనికై పుట్టిన ఆ యంత్రములే కొలదికాలములో వీథిదీపములను వెలిగించుటకును ఉపయోగపడెను. 1883 మే 24వ తేదీన న్యూయార్కులో సుప్రసిద్ధమైన బ్రూక్లిన్ వంతెనను ప్రారంభించినప్పుడు, దానిపై అమర్చిన డెబ్బది ఆర్కు దీపములు వెస్టన్ పద్ధతిననుసరించి వెలిగినవే.

ఇండ్లలో వెలుగు చిన్న దీపముల విషయమునను ఆయన కృషి గణనీయము. ఎడిసన్ మహాశయుడు వెదురు నారను మాడ్చి దీపపు తంతువును చేసినాడు. ప్రకృతిలో పుట్టిన నార ఒకచోట లావుగను ఒకచోట సన్నముగను ఉండును. సన్నముగా ఉన్నచోట వేడి హెచ్చి తంతువు తెగును. వెస్టన్ ప్రత్తి నుండి వచ్చు పదార్థమును రసాయనముల సహాయముతో మార్చి, అంతటను ఒకే మందము గల తంతువును సిద్ధపరచెను. పూతలో కోరిన నిలుకడనే ఆయన దీపములోను కోరెను.

ఐనను ఈ పనులన్నిటియందును ఒక చిక్కు ఆయనను వెంటాడుచుండెను. తన డైనమో ఎంత విద్యుత్తునిచ్చుచున్నదో, తన దీపము ఎంత త్రాగుచున్నదో వెంటనే తెలిసికొను సాధనము లేదు. ప్రయోగశాలలలోని గాల్వనోమీటర్లు సున్నితమైనవే గాని, వానిని కదలని బల్లపై సమముగా నిలిపి, అద్దము మీది వెలుగు ఎంత జరిగెనో చూచి, లెక్కలు కట్టవలసి యుండెను. ప్రక్కన ఇనుప సామాను ఉన్నను, యంత్రములు తిరుగుచున్నను లెక్క తప్పును. యంత్రశాలలో ఇనుము లేని తావెక్కడ? ఎడిసన్ సంస్థవారు ఖాతాదారుల యిండ్లలో ద్రావకమునందు జింకు పలకలనుంచి, కొన్నాళ్లకు వానిని తీసి తూచి, బరువులోని మార్పును బట్టి విద్యుత్తు వాడుకను లెక్కించెడివారు. కొలత ఇంత కష్టమైనచోట పరీక్ష ఎట్లు సాగును? యంత్రము మంచిదో చెడ్డదో తేల్చువారెవరు?

1886లో వెస్టన్ దీపముల వ్యాపారమునుండి తొలగెను. పేరు, ఆదాయము ఇచ్చుచున్న పనిని విడిచి, న్యూవార్కులోని తన యింటి ప్రయోగశాలలో కొలత సాధనములపైననే మనస్సు నిలిపెను. వ్యాపారదృష్టితో చూచువారికి అది తెలివైన పనిగా తోచియుండదు. కాని లోకములో దీపములు చేయువారు అనేకులుండిరి. ఆ దీపములను పరీక్షించు సాధనమును చేయువారే అరుదు.

ఆయన యెదుట మూడు చిక్కులుండెను. మొదటిది, అయస్కాంతము కాలము గడచుకొలది బలము కోల్పోవును. మంచి ఉక్కును ఎన్నుకొని, దానిని తగువిధముగ పదును పెట్టి, ముందుగనే ముదియజేసి, పిమ్మట మార్పు చెందని శాశ్వతాయస్కాంతములను ఆయన సిద్ధపరచెను. రెండవది, లోహపు తీగ వేడెక్కిన కొలది విద్యుత్తును హెచ్చుగా అడ్డగించును. ఎండాకాలమున ఒక లెక్క, చలికాలమున ఒక లెక్క వచ్చును. లోహములన్నిటికిని ఇది సహజగుణమని పండితులు తలచుచుండిరి. వెస్టన్ రాగి, నికెలు, మాంగనీసు మొదలైనవానిని వేర్వేరు పాళ్లలో కలిపి కరగించి, వేడికి దాదాపు చలింపని మిశ్రలోహములను కనుగొనెను. వానిలో రాగి, నికెలు కలిసిన దానికి ఆయన పెట్టుకొన్న పేరు రెండవ నంబరు మిశ్రలోహమని మాత్రమే. జర్మనీ దేశమున దానిని తయారుచేసినవారు కాన్‌స్టంటన్ అని నామకరణము చేసిరి. ఆ పేరే లోకమున స్థిరపడెను. మాంగనీసు కలిసినది మాంగనిన్ అనిపించుకొనెను. మన కళాశాలల ప్రయోగశాలలలో విద్యార్థులు మీటరు వంతెనపైనను, పొటెన్షియోమీటరుపైనను బిగించు తీగలు ఈ జాతివే. వానిని తాకిన చేతులు వేలకొలది. వాని వెనుక వెస్టన్ ఉన్నాడని ఎరిగినవారు కొద్దిమంది.

మూడవ చిక్కు ముల్లును నిలుపుట. అయస్కాంతపు కొసల నడుమ తేలికయైన తీగచుట్టను, గడియారములో వలె రత్నపు రాళ్లపై తిరుగునట్లు ఆయన అమర్చెను. సన్నని స్ప్రింగులు ప్రవాహమును తీగచుట్టకు చేర్చుచు, ముల్లును వెనుకకు లాగుచుండును. తీగను లోహపు చట్రముపై చుట్టుట వలన ముల్లు అటునిటు ఊగులాడక వెంటనే నిలచును. ఒక చేత పట్టుకొని యంత్రము నొద్దకు తీసికొనిపోయి, తీగలు తగిలించి, ముల్లు చూపిన అంకెను చదివికొనుటయే పని. వోల్టులను చూపునది వోల్టుమీటరు, ఆంపియర్లను చూపునది అమ్మీటరు. ఈ పనిముట్ల తయారీకై 1888లో వెస్టన్ విద్యుత్పరికరముల సంస్థ వెలసెను. ఆ సంవత్సరముననే అమెరికా విద్యుత్ ఇంజనీర్ల సంఘము ఆయనను అధ్యక్షునిగా ఎన్నుకొని గౌరవించెను. పండితుల బల్లపై నున్న కొలత నాటినుండి పనివాని చేతికి వచ్చెను.

ఐతే మానిక సరియైనదని తేల్చుటకు మరియొక మూల మానిక ఉండవలెను గదా! వోల్టునకు మూలప్రమాణముగ ఆనాడు లాటిమర్ క్లార్క్ అను ఆంగ్లేయుడు 1872లో చేసిన సెల్లు వాడుకలో నుండెను. వేడిమి కొద్దిగా మారినను దాని బలము మారుచుండెను. 1893లో వెస్టన్ కాడ్మియముతో క్రొత్త సెల్లును నిర్మించెను. జోడు గొట్టములవంటి గాజుపాత్రలో ఒకవైపు పాదరసమును, మరియొకవైపు కాడ్మియము కలిసిన పాదరసమును ఉంచి, పైన కాడ్మియము సల్ఫేటు ద్రావణము పోయుదురు. 20 డిగ్రీల వేడిమివద్ద దాని బలము ఇంచుమించు 1.0183 వోల్టులు. ఏండ్లు గడచినను, ఎండలు మారినను అది చలించుట అత్యల్పము.

1908లో లండనులో సమావేశమైన అంతర్జాతీయ సభ ఈ సెల్లును ఆమోదించెను. 1911 నుండి అదియే వోల్టునకు ప్రపంచప్రమాణమాయెను. ప్రతి దేశమును, ప్రతి పరిశోధనాలయమును తన సెల్లునే ఆశ్రయింపవలసిన ఆ సమయమున, హక్కు చేత పట్టుకొని కూర్చున్నచో వెస్టన్‌కు ధనము ధారగా వచ్చియుండును. ఆయన యట్లు చేయలేదు. ఎవరైనను దానిని స్వేచ్ఛగా తయారుచేసికొనవచ్చునని తన పేటెంటు హక్కును వదలివేసెను. తక్కిన కల్పనలను పేటెంటులతో కాపాడుకొని, వానిపైననే సంస్థలు కట్టిన మనుష్యుడు ఈ ఒక్కదానిని లోకమునకు విడిచిపెట్టెను. మానిక ఒకని సొత్తైనచో దానిని అందరును నమ్మరు. అందరి సొత్తైనప్పుడే అది మానిక.

ఆయన ఆవిష్కరణలతోనే తృప్తిపడలేదు. యంత్రశాలలలో పనిచేయు యువకులకు శాస్త్రవిద్య అందవలెనని తలచి, న్యూవార్కులో 1885లో తెరచిన సాంకేతిక పాఠశాల స్థాపకులలో ఒకడై, తొలి ధర్మకర్తల మండలిలో పనిచేసెను. ఆ చిన్న పాఠశాలయే కాలక్రమమున పెరిగి న్యూజెర్సీ సాంకేతిక విద్యాసంస్థగా నేడు వెలుగుచున్నది. 1915లో పెర్కిన్ పతకమును, 1924లో ఫ్రాంక్లిన్ పతకమును, 1932లో లామీ పతకమును ఆయన అందుకొనెను. తండ్రి బాటనే నడచిన కుమారుడు ఫొటోలు తీయువారికి వెలుగును కొలుచు మీటరును నిర్మించి ప్రసిద్ధి పొందెను.

1936 ఆగస్టు 20వ తేదీన న్యూజెర్సీలోని మాంట్‌క్లేరు పట్టణమున, ఎనుబదియారేండ్ల వయస్సున వెస్టన్ కన్నుమూసెను. ఆయన సెల్లు మాత్రము మరి యర్ధశతాబ్దికి పైగా ప్రపంచమునకు వోల్టు నేర్పుచునే యుండెను. 1990లో, అతిశీతల స్థితియందలి లోహముల గుణముపై ఆధారపడిన జోసెఫ్‌సన్ పద్ధతి ఆ స్థానమును గైకొనెను. శాస్త్రమున నిన్నటి ప్రమాణము నేటిదానికి చోటిచ్చుట సహజము. అందు అవమానము లేదు.

వైద్యుడు కావలసిన బాలుడు రోగుల నాడిని పట్టుట మాని, యంత్రముల నాడిని పట్టు సాధనమును లోకమునకిచ్చెను. పదిమందికి పనికిరావలెనన్న తల్లిదండ్రుల కోరిక ఆ విధముగ నెరవేరినది. నేడు పల్లెలో విద్యుత్తు పనివాడు స్తంభము దగ్గర నిలిచి మీటరులోని అంకెను చూచి లైను బాగున్నదని చెప్పినప్పుడు ఇంటివారు నిశ్చింతగా లోపలికి పోవుదురు. ఆ నిశ్చింత వెనుక ఎడ్వర్డ్ వెస్టన్ వంటివారి యేండ్ల తరబడి ఓర్పు ఉన్నది.