ఫ్రాన్సెస్ పెర్కిన్స్

ఫ్రాన్సెస్ పెర్కిన్స్ (ఏప్రిల్ 10, 1880 - మే 14, 1965) అమెరికాకు చెందిన ప్రముఖ సంఘసేవకురాలు, కార్మిక సంక్షేమ నిపుణురాలు. అమెరికా సంయుక్త రాష్ట్రాల కేంద్ర మంత్రివర్గంలో స్థానం పొందిన తొలి మహిళ. అధ్యక్షుడు ఫ్రాంక్లిన్ రూజ్వెల్ట్ ప్రభుత్వంలో 1933 నుండి 1945 వరకు కార్మిక మంత్రిగా పనిచేసింది. ఆమె కృషికి పునాది మాత్రం అంతకు చాలాకాలం ముందే న్యూయార్కు నగరంలో పడింది. ప్రమాదం జరిగిన పిమ్మట బాధితులు నష్టపరిహారానికై న్యాయస్థానాల చుట్టూ తిరగడం కంటె, ప్రమాదమే సంభవించకుండా ముందుగా చట్టం చేయడం ప్రభుత్వ ధర్మమని ఆమె విశ్వసించింది.

బాల్యం, విద్యాభ్యాసం

ఈమె మసాచుసెట్స్ రాష్ట్రంలోని బోస్టన్ నగరంలో జన్మించింది. తల్లిదండ్రులు పెట్టిన పేరు ఫ్యానీ కోరలీ. బాల్యం వూస్టర్ పట్టణంలో గడిచింది. 1902లో మౌంట్ హోల్యోక్ కళాశాల నుండి పట్టభద్రురాలైంది. ఆమె ముఖ్యంగా అభ్యసించినది భౌతిక, రసాయన శాస్త్రాలు. అయితే ఆర్థిక చరిత్ర పాఠాలలో భాగంగా విద్యార్థినులను సమీపంలోని మిల్లులకు తీసుకువెళ్ళడం ఆమె దృష్టిని కార్మికుల వైపు మళ్ళించింది. కొంతకాలం ఉపాధ్యాయినిగా పనిచేస్తూ షికాగోలోని హల్ హౌస్ సేవాకేంద్రంలో పేదలకు సేవచేసింది. 1910లో న్యూయార్కులోని కొలంబియా విశ్వవిద్యాలయం నుండి ఎం.ఏ. పట్టా పొందింది. అదే కాలంలో వినియోగదారుల సంఘం న్యూయార్కు శాఖకు కార్యదర్శిగా చేరి, కార్ఖానాల పరిస్థితులను, స్త్రీల పనిగంటలను పరిశీలించింది.

నాటి చట్టం తీరు

ఆ రోజులలో పనిలో గాయపడిన కార్మికుడు పరిహారం పొందాలంటే యజమాని నిర్లక్ష్యాన్ని తానే నిరూపించాలి. తోటి పనివాడి పొరపాటు వలన ప్రమాదం జరిగిందని గాని, గాయపడినవాని అజాగ్రత్త కూడ అందులో ఉన్నదని గాని, అపాయం తెలిసియే పనిలో చేరినాడని గాని చూపితే యజమాని బాధ్యత నుండి తప్పించుకొనవచ్చును. ఈ అన్యాయాన్ని సరిదిద్దుటకు న్యూయార్కు రాష్ట్రం 1910లో ఒక చట్టం చేసింది. ప్రమాదకరమైన వృత్తులలో తప్పు ఎవరిదైనను పరిహారం చెల్లించాలని దాని సారాంశం. రాష్ట్ర అత్యున్నత న్యాయస్థానం 1911 మార్చి 24న ఆ చట్టం రాజ్యాంగ విరుద్ధమని కొట్టివేసింది. ఆ మరునాడే ట్రయాంగిల్ అగ్నిప్రమాదం సంభవించింది.

ట్రయాంగిల్ అగ్నిప్రమాదం

1911 మార్చి 25 శనివారం సాయంత్రం వాషింగ్టన్ స్క్వేర్ సమీపంలోని పది అంతస్తుల భవనంలో మంటలు చెలరేగాయి. పై మూడు అంతస్తులలో ట్రయాంగిల్ దుస్తుల కర్మాగారం ఉండేది. తొమ్మిదవ అంతస్తులో ఒక తలుపు తాళం వేసి ఉంది. వెలుపలి ఇనుప మెట్లు జనం బరువుకు కూలిపోయాయి. అగ్నిమాపక దళం నిచ్చెనలు ఆరవ అంతస్తు వరకే అందాయి. మొత్తం 146 మంది మరణించారు. వారిలో 123 మంది స్త్రీలు, బాలికలు. అధికులు ఐరోపా నుండి వలస వచ్చిన యూదు, ఇటాలియన్ కుటుంబాలవారు.

ఆ సమయంలో దగ్గరలోనే ఒక స్నేహితురాలి ఇంట తేనీటికి వచ్చియున్న పెర్కిన్స్ కేకలు విని అక్కడికి పరుగెత్తింది. కిటికీల నుండి యువతులు కిందికి దూకి మరణించడం కళ్ళారా చూసింది. ఈ దృశ్యం తన జీవిత మార్గాన్ని నిర్ణయించిందని ఆమె తరువాతి కాలంలో అనేక పర్యాయాలు చెప్పింది.

యజమానులైన మాక్స్ బ్లాంక్, ఐజాక్ హారిస్ లపై నరహత్యా నేరం మోపబడింది. తలుపుకు తాళం ఉన్న సంగతి వారికి తెలుసునని రుజువు కానందున 1911 డిసెంబరులో నిర్దోషులుగా విడుదలయ్యారు. 1913లో మరల తలుపుకు తాళం వేయించినందుకు బ్లాంక్‌కు విధింపబడిన జరిమానా 20 డాలర్లు. మృతుల బంధువులు వేసిన దావాలు 1914లో ఒక్కొక్క ప్రాణానికి 75 డాలర్ల చొప్పున పరిష్కారమయ్యాయి.

విచారణ సంఘం, కొత్త చట్టాలు

ప్రమాదానంతరం ఏర్పడిన పౌర భద్రతా సంఘానికి పెర్కిన్స్ కార్యనిర్వాహక కార్యదర్శి అయింది. రాష్ట్ర శాసనసభ 1911లో కర్మాగారాల విచారణ సంఘాన్ని నియమించింది. దీనికి రాబర్ట్ వాగ్నర్ అధ్యక్షుడు, ఆల్ఫ్రెడ్ స్మిత్ ఉపాధ్యక్షుడు. పెర్కిన్స్ సాక్ష్యం చెప్పడమే గాక సభ్యులను స్వయంగా కార్ఖానాలకు తీసుకువెళ్ళింది. ఒకచోట అగ్నిప్రమాద ద్వారమని పేరుపెట్టిన చిన్న రంధ్రం గుండా వాగ్నర్‌ను పాకించింది. దానికి ఆవల ఉన్నది మంచు పట్టిన నిచ్చెన. అది నేలకు 12 అడుగుల ఎత్తునే ఆగిపోయింది.

ఈ సంఘం సిఫారసులతో ముప్పైకి పైగా చట్టాలు వెలువడ్డాయి. పని వేళలలో తలుపులకు తాళం వేయరాదు. వీలైనచోట తలుపులు వెలుపలికి తెరుచుకోవాలి. ఎత్తైన కార్ఖానాలలో నీటిని చిమ్మే స్వయంచాలక సాధనాలు అమర్చాలి. అగ్నిప్రమాద సమయంలో బయటపడే అభ్యాసం క్రమంగా జరపాలి. మెట్ల వెడల్పును బట్టి అంతస్తులో ఎందరు పనిచేయవచ్చునో నిర్ణయించాలి. 1913లో రాజ్యాంగ సవరణ జరుగగా, 1914 నుండి కార్మిక నష్టపరిహార చట్టం అమలులోకి వచ్చింది.

1912లో స్త్రీల పనిని వారానికి 54 గంటలకు పరిమితం చేసే బిల్లు విషయంలో ఆహార పదార్థాలను డబ్బాలలో నింపే కర్మాగారాలను మినహాయిస్తేనే అది గట్టెక్కే పరిస్థితి ఏర్పడింది. పెర్కిన్స్ ఆ రాజీకి అంగీకరించింది. అసలు లేనిదానికంటె కొంతైనా మేలన్నది ఆమె పద్ధతి.

ప్రభుత్వ పదవులు

1919లో గవర్నరైన స్మిత్ ఆమెను రాష్ట్ర పారిశ్రామిక కమిషన్‌లో నియమించాడు. 1929లో గవర్నరు రూజ్వెల్ట్ ఆమెను రాష్ట్ర పారిశ్రామిక కమిషనరుగా చేశాడు. కేంద్ర మంత్రిగా 1934లో కార్మిక ప్రమాణాల విభాగాన్ని నెలకొల్పి, పనిస్థలాల భద్రతకు రాష్ట్రాలతో కలిసి కృషిచేసింది. 1935 నాటి సామాజిక భద్రతా చట్టం, 1938 నాటి న్యాయమైన కార్మిక ప్రమాణాల చట్టం ఆమె కృషి ఫలితాలే. వ్యవసాయ కూలీలు, ఇంటి పనివారు ఈ రెండు చట్టాల పరిధిలోకి రాలేదు. అందువలన నల్లజాతివారిలో అధికులు నష్టపోయారనేది వీటిపై ముఖ్యమైన విమర్శ. 1939లో ఆమెపై అభిశంసన తీర్మానం ప్రవేశపెట్టబడినా, ప్రతినిధుల సభ న్యాయసంఘం అందుకు ఆధారం లేదని తేల్చింది.

వ్యక్తిగత జీవితం, మరణం

1913లో పాల్ కాల్డ్‌వెల్ విల్సన్‌ను వివాహమాడింది. వివాహానంతరం కూడ తన పేరునే నిలుపుకొంది. భర్త దీర్ఘకాలం మానసిక వ్యాధితో బాధపడినందున కుటుంబ భారం ఆమెపైనే పడింది. వీరికి ఒక కుమార్తె. చివరి దశలో కార్నెల్ విశ్వవిద్యాలయంలో బోధించింది. 1965 మే 14న న్యూయార్కులో మరణించింది. సమాధి మెయిన్ రాష్ట్రంలోని న్యూకాజిల్‌లో ఉంది.

స్మారకాలు

1980లో వాషింగ్టన్‌లోని కార్మికశాఖ భవనానికి ఆమె పేరు పెట్టారు. అగ్నిప్రమాదం జరిగిన భవనం నేటికీ నిలిచి ఉంది. అది న్యూయార్కు విశ్వవిద్యాలయానికి చెందినది. దాని గోడపై 2023లో మృతుల పేర్లతో స్మారకం ఏర్పాటైంది. 2024 డిసెంబరులో న్యూకాజిల్‌లోని ఆమె కుటుంబ గృహం జాతీయ స్మారకంగా ప్రకటించబడింది.