లెక్కల మనిషి తీసిన మాయల సినిమా: కె.వి. రెడ్డి, ‘పాతాళ భైరవి’

1951 మార్చి 15న ‘పాతాళ భైరవి’ విడుదలైంది. తోటమాలి కొడుకు రాజకుమారిని వలచడం, గుహలో క్షుద్రదేవత, కోరినదల్లా ఇచ్చే ప్రతిమ, రాత్రికి రాత్రి వెలిసే రాజభవనం. వీటిలో ఏదీ ఆనాటి ప్రేక్షకులకు కొత్త కాదు. అవ్వల నోట విన్నవే, కాశీమజిలీ పుస్తకాల్లో చదివినవే. విన్నదాన్ని కళ్ల ముందు నమ్మేలా నిలబెట్టిన దర్శకుడు మాత్రం మాయల మీద మోజుతో సినిమాల్లోకి వచ్చినవాడు కాదు. డబ్బు లెక్కలు చూసే క్యాషియర్‌గా వచ్చినవాడు.

కదిరి వెంకట రెడ్డి 1912 జూలై 1న అనంతపురం జిల్లా తాడిపత్రి ప్రాంతంలో జన్మించారు. మద్రాసు ప్రెసిడెన్సీ కళాశాలలో భౌతికశాస్త్రం చదివారు. బాల్యమిత్రుడు మూలా నారాయణస్వామి సినిమా వ్యాపారంలోకి దిగినప్పుడు, ఆయన పెట్టుబడికి నమ్మకమైన కాపలాగా కె.వి. రెడ్డి కూడా ఆ రంగంలో అడుగుపెట్టారు. మొదట రోహిణి సంస్థలోనూ, తర్వాత బి.ఎన్. రెడ్డి స్థాపించిన వాహినిలోనూ ఖర్చుల పుస్తకం ఆయన చేతిలో ఉండేది. ఏ సెట్టుకు ఎంతైంది, ఏ షాటుకు ఎంత ముడిఫిల్ము పోయింది, తీసి పారేసిన అడుగుల ఖరీదెంత అన్నవన్నీ ఆయన కళ్ల ముందే జరిగాయి. కె. రామ్‌నాథ్, ఎ.కె. శేఖర్ వంటి నిపుణులు ఆనాటి వాహినిలో పనిచేస్తుండేవారు. చిత్రనిర్మాణం నేర్చుకోవడానికి వేరే బడి అక్కరలేకపోయింది.

అయినా ఆ ఉద్యోగి ఒక సినిమాకు దర్శకత్వం వహిస్తానన్నప్పుడు సంస్థలో సందేహాలు తలెత్తాయి. నారాయణస్వామి మిత్రుడి పక్షాన నిలబడ్డారు. అలా తయారైన ‘భక్త పోతన’లో చిత్తూరు నాగయ్య పోతనగా నటించారు. ఆ చిత్ర విజయంతో సందేహాలు తీరిపోయాయి. అనంతరం ‘యోగి వేమన’ గౌరవాన్నీ, ‘గుణసుందరి కథ’ ప్రజాదరణనూ తెచ్చాయి. షేక్‌స్పియర్ ‘కింగ్ లియర్’ను జానపద కథగా మలచిన ‘గుణసుందరి కథ’తోనే రచయిత పింగళి నాగేంద్రరావు ఆయనకు తోడయ్యారు. బందరు నాటకరంగం నుంచి వచ్చిన పింగళి కలానికి మాటను కొత్తగా పుట్టించే అలవాటుంది.

1950 నాటికి పరిస్థితులు మారాయి. నారాయణస్వామి ఆర్థిక చిక్కుల్లో పడ్డారు. వడపళనిలోని వాహినీ స్టూడియో నిర్వహణ బి.ఎన్. రెడ్డి సోదరుడు బి. నాగిరెడ్డి చేతికి వచ్చింది. నాగిరెడ్డి, చక్రపాణి కలిసి నెలకొల్పిన విజయా సంస్థ తొలిచిత్రం ‘షావుకారు’ పల్లెటూరి జీవితాన్ని సహజంగా చూపించి విమర్శకుల మన్ననలు పొందింది. పెట్టెలు మాత్రం ఆశించినంత నిండలేదు. స్టూడియో నడవాలంటే ఫ్లోర్లు ఖాళీగా ఉండకూడదు, జీతాలు ఆగకూడదు. రెండో చిత్రం జనం విరగబడి చూసేది కావాలి. ఆ బాధ్యతను నాగిరెడ్డి, చక్రపాణి కె.వి. రెడ్డికి అప్పగించారు.

కథకు మూలం మధిర సుబ్బన్న దీక్షితుల ‘కాశీమజిలీ కథలు’. అల్లావుద్దీన్ అద్భుతదీపం ఛాయలూ అందులో కనిపిస్తాయి. ‘చందమామ’ను నడుపుతున్న నిర్మాతలకు పిల్లలూ పెద్దలూ కలిసి ఆసక్తిగా వినే కథ ఎలా ఉండాలో వేరే చెప్పనవసరం లేదు. అయితే ఈ కథకు బలం మాయల్లో కాదు, మాంత్రికుడికీ వీరుడికీ మధ్య వేసిన ముడిలో ఉంది. నేపాళ మాంత్రికుడికి కావలసింది సాహసవంతుడైన యువకుడు. ధైర్యం లేనివాడి తల దేవతకు పనికిరాదు. కాబట్టి అతడు తోటరాముణ్ణి వెతికి పట్టుకుని, పరీక్షించి, ప్రోత్సహించి, తన చేతులతోనే వీరుణ్ణి చేస్తాడు, చివరకు బలి ఇవ్వడానికే. రాముడికి కావలసింది రాజుతో తులతూగే సంపద. ఇద్దరి అవసరాలూ ఒకే దారిన నడిచి బలిపీఠం దగ్గర ఎదురుపడతాయి. అంత చిక్కని అల్లిక ఆనాటి జానపద చిత్రాల్లో అరుదు.

‘బాలరాజు’, ‘కీలుగుర్రం’ విజయాలతో అప్పటికి జానపద కథానాయకుడంటే అక్కినేని నాగేశ్వరరావే. సహజంగానే మొదట ఆయన పేరు పరిశీలనకు వచ్చింది. చివరకు ఎంపికైనది మాత్రం విజయా సంస్థతో ఒప్పందంలో ఉన్న ఎన్.టి. రామారావు. అక్కినేని, రామారావు టెన్నిస్ ఆడుతుండగా రామారావు విసురుగా కొట్టిన బంతిని చూసి కె.వి. రెడ్డి మనసు మార్చుకున్నారన్న ముచ్చట పరిశ్రమలో ఇప్పటికీ చెప్పుకుంటారు. ముచ్చటను పక్కనపెట్టినా, ఆ పాత్రకు కావలసిందేమిటో దర్శకుడికి తెలుసు: చక్కని ముఖంతో పాటు మొసలితో పెనుగులాడగల దేహం, రాజసభలో తల వంచని మొండితనం. రామారావుకు అప్పుడు ఇరవై ఎనిమిదేళ్లయినా నిండలేదు. ‘మనదేశం’లో చిన్న వేషంతో మొదలై రెండేళ్లు కూడా కాలేదు.

మాంత్రికుడి పాత్రకు ఎంచుకున్న ఎస్.వి. రంగారావు అంతకన్నా పెద్ద సాహసం. ‘షావుకారు’లో సున్నం రంగడిగా మెప్పించినా, సినిమా మొత్తాన్ని మోసే ప్రతినాయకుడిగా ఆయన్ను అప్పటికి ఎవరూ ఊహించలేదు. ముప్పై మూడేళ్లు నిండని నటుడు పొడవాటి గడ్డం పెట్టుకుని, ఊతపదాన్ని సాగదీస్తూ, కళ్లతోనే ఎదుటివాడి విలువ కట్టే మాంత్రికుడయ్యాడు. అతడి నోట పలికిన డింభకుడన్న మాట నిఘంటువు వదిలి వీధుల్లోకి వచ్చింది. అంజిగా వేసిన బాలకృష్ణకు ఆ పాత్ర పేరే జీవితాంతం నిలిచిపోయింది. మాంత్రికుడి శిష్యుడు సదాజపుడిగా పద్మనాభం, రాకుమారిగా మాలతి, రాజుగా సి.ఎస్.ఆర్. ఆంజనేయులు, రాముడి తల్లిగా సురభి కమలాబాయి కనిపిస్తారు. తొలి తెలుగు టాకీ ‘భక్త ప్రహ్లాద’లో లీలావతి ఈ కమలాబాయే. రాకుమారి పాత్రకు మాత్రం కథలో చేయవలసిన పని తక్కువే దక్కిందని ఒప్పుకోవాలి.

కె.వి. రెడ్డి పద్ధతి పరిశ్రమలో ప్రత్యేకంగా చెప్పుకునేది. స్క్రిప్టు పూర్తయ్యేదాకా ఎన్ని నెలలైనా చర్చించేవారు. ఒకసారి ఖరారయ్యాక మాట మార్చడానికి ఎవరికీ అనుమతి లేదు, తనకు కూడా. తర్వాత స్టాప్‌వాచ్ బయటికి వచ్చేది. ప్రతి సన్నివేశాన్నీ ముందే చదివించి, నటించి చూపించి, ఎన్ని నిమిషాలు పడుతుందో కొలిచి, దాన్ని ఫిల్ము అడుగుల్లోకి మార్చి రాసుకునేవారు. షూటింగ్ మొదలయ్యే నాటికి సినిమా నిడివి ఆయనకు తెలిసిపోయేది. సెట్టు మీద నటుడు నిర్ణీత సమయానికి మించితే మళ్లీ చేయవలసిందే. నటులకు ఇది ఇరుకుగా తోచినా ఆశ్చర్యం లేదు. తమిళంలో కూడా అదే కథను తీయవలసిన సంస్థకు మాత్రం ఆ కొలత లాభసాటి. ఎడిటింగ్ గదిలో నేల మీద పడే ఫిల్మును ముందే ఆదా చేయడమంటే, పాత క్యాషియర్ పుస్తకంలో ఒక పద్దు తగ్గినట్టే.

మాయలకూ ఆ లెక్కే ఆధారం. తెర మీద మనిషి మాయమవ్వాలంటే కెమెరాను కదలకుండా నిలిపి, మిగిలినవారిని ఉన్న భంగిమలోనే ఆపి, ఒక్కరిని తప్పించి మళ్లీ తిప్పాలి. ఒకే చట్రంలో రెండు దృశ్యాలు కలవాలంటే సగం మూసి ఒకసారి, ఫిల్మును వెనక్కి చుట్టి మిగతా సగం మూసి మరోసారి తీయాలి. అడుగులు లెక్కపెట్టడంలో తేడా వస్తే అంతా వృథా. ఛాయాగ్రాహకుడు మార్కస్ బార్ట్‌లే అటువంటి పనిలో నేర్పరి. మాధవపెద్ది గోఖలే, కళాధర్ వేసిన గుహలూ భవనాలూ వెలుగునీడల్లో లోతుగా కనిపించడం ఆయన దీపాల అమరిక వల్లే. ఘంటసాల సంగీతం ఆ బిగువైన కథనంలో ఊపిరి తీసుకునే చోట్లను అందించింది.

చిత్రం పలు కేంద్రాల్లో రజతోత్సవం చేసుకుంది. రెండు నెలల తర్వాత తమిళంలో, మరుసటి ఏడాది హిందీలో ప్రేక్షకుల ముందుకు వచ్చింది. 1952లో బొంబాయిలో జరిగిన తొలి భారత అంతర్జాతీయ చలనచిత్రోత్సవంలోనూ దాన్ని ప్రదర్శించారు. విజయా సంస్థ నిలదొక్కుకుంది, రామారావు మాస్ కథానాయకుడయ్యారు. తర్వాత పదిహేనేళ్లపాటు తెలుగు తెరను ఏలిన కత్తియుద్ధాల చిత్రాలు ఎన్నో ఈ నమూనా నుంచే పుట్టాయి, చాలావరకు ఆ కథన క్రమశిక్షణ లేకుండా.

ఆ ఊపులో మరో జానపదం తీయకుండా కె.వి. రెడ్డి సాంఘికాల వైపు వెళ్లారు. ‘పెద్దమనుషులు’, ‘దొంగరాముడు’ వచ్చాయి. 1957లో ‘మాయాబజార్’ వచ్చింది. కృష్ణుడి వేషంలో రామారావును ప్రేక్షకులు అంతకుముందు ఆదరించకపోయినా, ఆ పాత్రకు ఆయనే ఉండాలని పట్టుబట్టింది కె.వి. రెడ్డే. 1961లో ‘జగదేకవీరుని కథ’తో మళ్లీ మాయలలోకానికి వెళ్లి మళ్లీ గెలిచారు. కమలాకర కామేశ్వరరావు, సింగీతం శ్రీనివాసరావు ఆయన దగ్గర పని నేర్చుకున్నవారే.

అదే కొలత ఆ తర్వాత కలిసిరాలేదు. 1965లో ‘సత్య హరిశ్చంద్ర’, 1968లో ‘ఉమాచండీ గౌరీశంకరుల కథ’ నిరాశపరిచాయి. నిడివి సరిగ్గానే ఉంది, సన్నివేశాలు నిమిషాల లెక్క తప్పలేదు. కానీ వాటిలో బలిపీఠం వద్ద ఎదురుపడే ఇద్దరు మనుషులు లేరు. స్టాప్‌వాచ్ కథలోని బిగువును కాపాడగలదు కాని పుట్టించలేదు. విజయా సంస్థతో బంధం సడలింది. ఒకప్పుడు చేతినిండా పనితో ఉన్న దర్శకుడికి అవకాశాలు తగ్గిపోయాయి.

ఆ సమయంలో తోటరాముడే గుర్తుపెట్టుకున్నాడు. రామారావు తన సొంత సంస్థ తరఫున ‘శ్రీకృష్ణ సత్య’ దర్శకత్వాన్ని ఆయనకు అప్పగించారు. అది కె.వి. రెడ్డి చివరి చిత్రం. 1972 సెప్టెంబరు 15న ఆయన కన్నుమూశారు. ఆయన కోసం పింగళి సిద్ధం చేసిన ‘చాణక్య చంద్రగుప్త’ స్క్రిప్టును రామారావు అయిదేళ్ల తర్వాత స్వయంగా తెరకెక్కించారు.