ఎన్.ఎం. జోషి: జీతం జప్తుకు అడ్డుకట్ట

ఒకప్పుడు బొంబాయిలో జీతాల రోజున వడ్డీ వ్యాపారులు మిల్లు గేటు దగ్గరే కాచుకుని ఉండేవారు. రైల్వేల వంటి చోట్ల కోర్టు డిక్రీతో జీతాన్నే జప్తు చేయించేవారు. ఆ కార్మికుల మధ్యే నారాయణ మల్హార్ జోషి జీవితం గడిచింది.

1879లో కొలాబా జిల్లా గోరేగావ్‌లో పుట్టిన జోషి మొదట బడిపంతులు. 1909లో గోఖలే స్థాపించిన భారత సేవక సమాజంలో చేరారు. 1911లో సోషల్ సర్వీస్ లీగ్ స్థాపించి రాత్రి బడులు, సహకార సంఘాలు నడిపారు. 1920లో ఏర్పడిన ఏఐటీయూసీ స్థాపకుల్లో ఆయనొకరు.

1929లో నాగపూర్ మహాసభ విట్లీ కమిషన్‌ను బహిష్కరించాలని తీర్మానించింది. అప్పటికే అందులో సభ్యుడైన జోషి తాను పెంచిన సంఘాన్ని వీడారు గానీ కమిషన్‌ను వీడలేదు.

కోర్టు అండ ఉన్నందునే వ్యాపారి తీర్చలేని అప్పులిస్తున్నాడని కమిషన్ గుర్తించింది. నెలకు 300 రూపాయల లోపు జీతాన్ని అసలు జప్తు చేయరాదని 1931లో సిఫార్సు చేసింది. 1937 నాటి సవరణ మాత్రం మొదటి 100 రూపాయలకు, మిగిలినదానిలో సగానికే రక్షణ ఇచ్చింది.

జోషి 1955లో కన్నుమూశారు. సివిల్ ప్రొసీజర్ కోడ్ 60వ సెక్షన్ కింద ఇప్పుడు మామూలు అప్పుల విషయంలో జీతంలో మొదటి 1000 రూపాయలకు, ఆపై మొత్తంలో మూడింట రెండు వంతులకు రక్షణ ఉంది. మిగతా మూడో వంతు నేటికీ జప్తుకు లోబడే ఉంది.