చదువు ఆరో తరగతితో ఆగింది.. లారీకి ఫ్రిజ్ బిగించాడు! ఎవరీ ఫ్రెడరిక్ జోన్స్?

వరంగల్: ఎనుమాముల మార్కెట్ చుట్టుపక్కల కోల్డ్ స్టోరేజీల్లో మిర్చి బస్తాలు నెలల తరబడి రంగు పోకుండా ఉంటాయి. అక్కడ గది కదలదు, మెషీన్ కదలదు. కరెంటు ఉంటే చాలు. అసలు తిప్పలన్నీ సరుకు లారీ ఎక్కాకే. పాలు, ఐస్‌క్రీమ్, చేపలు మోసే పెద్ద కంటైనర్ లారీ ఎప్పుడైనా ఎదురొస్తే క్యాబిన్ పైన చూడండి. కంటైనర్ ముందు గోడకు ఓ పెట్టె బిగించి ఉంటుంది. దాన్ని అక్కడికి చేర్చిన మనిషి పేరు ఫ్రెడరిక్ మెకిన్లీ జోన్స్.

జోన్స్ 1893లో అమెరికాలోని సిన్సినాటిలో పుట్టారు. ఆయన నల్లజాతీయుడు. చిన్నప్పుడే తల్లి దూరమైంది. పెంచలేక తండ్రి ఓ చర్చి ఫాదర్‌కి అప్పగించారు. పదకొండు, పన్నెండేళ్లకే అక్కడి నుంచి బయటపడి ఓ గ్యారేజీలో ఊడ్చే పనికి కుదిరారు. కార్లు రిపేర్ చేస్తుంటే పక్కన నిలబడి చూడటమే ఆయనకు ట్రైనింగ్. కొన్నేళ్లకే అదే గ్యారేజీలో మెకానిక్‌లకు పెద్ద అయ్యారు.

1912లో మిన్నెసోటాలోని హాలక్ అనే చిన్న ఊరికి చేరారు. మొదటి ప్రపంచ యుద్ధంలో ఫ్రాన్స్ వెళ్లి సైన్యానికి కరెంటు పనులు చేశారు. తిరిగొచ్చాక ఊరి రేడియో స్టేషన్‌కి ట్రాన్స్‌మిటర్ తయారు చేశారు. డాక్టర్ కోసం మోసుకెళ్లే ఎక్స్‌రే మెషీన్ కట్టారు. పాత సామాన్లతో సినిమా హాలుకి సౌండ్ సిస్టమ్ కూడా చేశారు. ఆ సౌండ్ పనే ఆయన్ని మినియాపొలిస్‌లో సినిమా పరికరాల వ్యాపారి జోసెఫ్ న్యూమెరో దగ్గరికి చేర్చింది.

అసలు కథ 1938 ప్రాంతంలో మొదలైంది. న్యూమెరోకి తెలిసిన ఓ ట్రాన్స్‌పోర్ట్ యజమాని లారీలో వెళ్తున్న కోడి మాంసం దారిలో ఐస్ కరిగి మొత్తం పాడైపోయింది. లారీకి కూలింగ్ మెషీన్ పెట్టలేమా అన్న మాట వచ్చింది. న్యూమెరో దాన్ని సరదాగా అన్నారంటారు. జోన్స్ మాత్రం సీరియస్‌గా తీసుకున్నారు.

ఇక్కడో మాట చెప్పాలి. చల్లటి రవాణానే జోన్స్ కనిపెట్టారని సోషల్ మీడియాలో పోస్టులు తిరుగుతుంటాయి. అది కాస్త ఎక్కువే. ఐస్ వేసిన రైలు డబ్బాలు అంతకు చాలా ముందే ఉన్నాయి. 1876లోనే ఫ్రాన్స్ నుంచి మాంసంతో ఓ ఓడ కూలింగ్ మెషీన్‌తో అర్జెంటీనా బయల్దేరింది. లారీ దగ్గరే అందరూ ఆగిపోయారు. ఎందుకంటే గుంతల రోడ్డు మీద కుదుపులకి పైపుల జాయింట్లు వదులవుతాయి, గ్యాస్ లీకవుతుంది, కూలింగ్ ఆగిపోతుంది.

జోన్స్ కుదుపు తట్టుకునే యూనిట్ తయారు చేశారు. ముందు దాన్ని లారీ కింద బిగించారు. బరువెక్కువ, పైగా రోడ్డు మీద బురద, దుమ్ము అందులోకే. అలా కాదని బరువు తగ్గించి, కంటైనర్ ముందు భాగంలో పైకి ఎక్కించారు. ఈ యూనిట్లలో వేడి పెరిగితే ఇంజిన్ దానంతటదే స్టార్ట్ అయి, చల్లబడగానే ఆగిపోయే ఏర్పాటూ వచ్చింది. డ్రైవర్ పట్టించుకోవాల్సిన పని లేదు. న్యూమెరో, జోన్స్ కలిసి పెట్టిన కంపెనీయే తర్వాత థర్మో కింగ్ అయింది.

రెండో ప్రపంచ యుద్ధంలో ఈ యూనిట్లే సైనికులకు రక్తం, మందులు, తిండి పాడవకుండా చేరవేశాయి. 1944లో అమెరికా రిఫ్రిజిరేషన్ ఇంజినీర్ల సొసైటీలో సభ్యత్వం వచ్చింది. అందులోకి అడుగుపెట్టిన తొలి నల్లజాతీయుడు ఆయనే. మొత్తం 61 పేటెంట్లు, వాటిలో 40 కూలింగ్‌కి సంబంధించినవే. కాలేజీ గడప తొక్కని మనిషికి ఇది మామూలు లెక్క కాదు.

1961 ఫిబ్రవరి 21న మినియాపొలిస్‌లో జోన్స్ కన్నుమూశారు. నేషనల్ మెడల్ ఆఫ్ టెక్నాలజీ ప్రకటించింది 1991లో, అంటే ఆయన పోయిన 30 ఏళ్లకి. ఆ మెడల్ అందుకున్న తొలి నల్లజాతీయుడైనా, చూసుకోవడానికి ఆయన లేరు.

ఇక మన దగ్గర మామిడి, టమాటా లోడ్లు చాలావరకు ఇప్పటికీ టార్పాలిన్ కిందే వెళ్తున్నాయి. మే నెల ఎండలో లారీ దారిలో ఆగిపోతే మార్కెట్‌కి చేరేసరికి కాయ మెత్తబడుతుంది, రైతుకి రేటు తెగ్గొడతారు. అదే వేరే ఇంజిన్ ఉన్న కూలింగ్ లారీ అయితే, డ్రైవర్ జనగామ దగ్గర బండి ఆపి టీ తాగుతున్నా పైన పెట్టె తిరుగుతూనే ఉంటుంది.