మోక్షగుండము విశ్వేశ్వరయ్యగారు: సంపద, విద్య, ప్రజాసభ

ఒక సీమ బాగుపడెనని చెప్పవలసి వచ్చినపుడు లోకులు సామాన్యముగా పంటలను, గనులను, యంత్రశాలలను లెక్కింతురు. ఆ లెక్క యసత్యము గాదు గాని, అది యొక్కటియే చాలదు. ఆ సంపదను గూర్చుకొనుటకు వలసిన బుద్ధి ఆ సీమ జనులలో పెంపొందినదా, దానిని వినియోగించుటలో వారి మాటకు చోటు గలదా యను రెండు ప్రశ్నములకును సదుత్తరము దొరకిన గాని ఆ బాగు నిలుచునని నమ్మరాదు. సంపద, విద్య, ప్రజాధికారము అను నీ మూడింటిని ఒక్క త్రాటగా పేనజూచిన వారిలో మైసూరు దివానుగా నుండిన సర్ మోక్షగుండము విశ్వేశ్వరయ్యగారు అగ్రగణ్యులు.

వారిని ఆనకట్టలు గట్టిన మహాశిల్పిగా నెఱుగనివారు లేరు. వారి జన్మదినమగు సెప్టెంబరు 15వ తేదీని మన దేశమున ఇంజనీర్ల దినముగా జరుపుకొనుచున్నారు. అట్టివారి చరిత్రము కులమహాసభా సంచికలో నేల యని చదువరులు శంకింపవచ్చును. వారు దివాను పదవిని విడుచుటకు హేతువైన వివాదము కులములకును ఉద్యోగములకును గల సంబంధమును గూర్చినదే. మనమేటేట సభ చేరి దేనిని గూర్చి తీర్మానములు చేయుచున్నామో, ఆ ప్రశ్నమే నూఱేండ్ల క్రిందట వారి యెదుట నిలిచెను. కావున వారి గుణములను, వారు తడబడిన చోటును గూడ నిష్పక్షపాతముగా విచారింపదలచితిమి.

వీరి పూర్వులు మన తెలుగు దేశమున గిద్దలూరు ప్రాంతములోని మోక్షగుండము గ్రామమువారు. ఆ యూరి పేరే వారి యింటిపేరుగా నిలిచినది. ఆ కుటుంబము బహుకాలము క్రిందట మైసూరు సంస్థానమునకు తరలిపోయి, చిక్కబళ్ళాపురము చెంతనున్న ముద్దేనహళ్ళిలో స్థిరపడెను. తండ్రి శ్రీనివాసశాస్త్రిగారు సంస్కృత విద్వాంసులు; ధనవంతులు గారు. విశ్వేశ్వరయ్యగారు బాల్యముననే పితృహీనులైరి. చిక్కబళ్ళాపురమున కొంత చదివి, బెంగుళూరు చేరి, పరుల పిల్లలకు పాఠములు చెప్పి, ఆ వచ్చిన దానితో తమ చదువు సాగించుకొనిరి. సెంట్రల్ కళాశాలలో పట్టభద్రులైన పిమ్మట మైసూరు ప్రభుత్వము వారొసగిన విద్యార్థి వేతనముతో పూనా నగరమునకేగి ఇంజనీరు విద్య నభ్యసించి, 1883లో పరీక్షయందు ప్రథములుగా నుత్తీర్ణులైరి. పేదవాని కొడుకు ప్రభుత్వ ధనముతో చదివి పైకి వచ్చిన వృత్తాంతమిది. ఈ సంగతిని మనము మనసున నుంచుకొనవలయును.

1884లో బొంబాయి ప్రభుత్వమున ఉద్యోగము స్వీకరించి, ఇరువది నాలుగేండ్లు పనిచేసిరి. పూనా చెంతనున్న ఖడక్వాస్లా జలాశయమున 1903లో వారు కల్పించిన తలుపులు మిక్కిలి ప్రసిద్ధములు. నీరు నియమితమైన మట్టమును మించినపుడు అవి తమంతట తాము తెఱచుకొని వఱదను విడుచును. మట్టము తగ్గినంతనే మరల మూసికొనును. కట్ట నెత్తు చేయకయే నిలువ నీటిని పెంచుటకిది యుపాయము. వారి రెండవ కల్పన దీనికంటె ఘనమైనదని మా యభిప్రాయము. దక్కను కాలువల క్రింద తూము దగ్గఱి రైతులు నీటినంతయు నాపుకొనుచుండగా, తుదనున్నవారు ఎండిన చేలను జూచి నిట్టూర్చుచుండిరి. విశ్వేశ్వరయ్యగారు ఆయకట్టును ఖండములుగా విభజించి, పైరులను మార్చి మార్చి వేయించుచు, వంతుల చొప్పున నీరిచ్చు పద్ధతిని ప్రవేశపెట్టిరి. దానివలన నీటి మేలు ఎక్కువ గ్రామములకు ప్రాకెను. నీరు పుట్టించుటయే గాక, పంచుటయు ఇంజనీరు ధర్మమని వారు గ్రహించిరి.

1898లో వారు జపాను దేశమును దర్శించిరి. గనులును పొలములును స్వల్పముగా గల ఆ ద్వీపవాసులు ప్రతి బాలునకును బాలికకును చదువు చెప్పించి, చేతిపనులు నేర్పి, కొలది సంవత్సరములలో పెద్ద రాజ్యములతో సరితూగుట వారి మనసున నాటుకొనెను. మన దేశపు దారిద్ర్యమునకు మూలము భూమిలో లేదనియు, చదువు లేమిలోను, కలిసి పనిచేయు నలవాటు లేమిలోను గలదనియు వారికి నిశ్చయమయ్యెను.

1908 సెప్టెంబరు 28వ తేదీన మూసీనది పొంగి హైదరాబాదు నగరమును ముంచి, వేలకొలది జనుల ప్రాణములు గొనెను. నాటికి బొంబాయి కొలువు విడిచియుండిన విశ్వేశ్వరయ్యగారిని నిజాము ప్రభుత్వమువారు రప్పించిరి. నగరమునకు ఎగువన జలాశయములు గట్టి, వఱద నచ్చటనే పట్టి యుంచవలయునని వారు సలహా యిచ్చిరి. ఆ ఆలోచనము ననుసరించి మూసీపై ఉస్మాన్ సాగరము 1920లోను, ఈసీపై హిమాయత్ సాగరము 1927లోను పూర్తియయ్యెను. వఱద నరికట్టిన ఆ నీరే ఆ మీదట నగరవాసులకు త్రాగు నీరయ్యెను. తెలుగు నేల వారికి పడియున్న ఋణమిది.

1909లో వారు స్వస్థానమగు మైసూరున ముఖ్య ఇంజనీరుగా చేరిరి. 1911లో కన్నంబాడి గ్రామము కడ కావేరికి అడ్డముగా కృష్ణరాజసాగరము పని ప్రారంభమయ్యెను. శివసముద్రమున 1902 నుండి పుట్టుచుండిన విద్యుచ్ఛక్తి కోలారు బంగారు గనులకు పోవుచుండెను. వేసవిలో ఏఱు సన్నగిల్లినపుడు ఆ శక్తియు సన్నగిల్లుచుండెను. నీరు నిలువచేసినచో గనులకు శక్తియు, మండ్య ప్రాంతపు మెట్ట పొలములకు తడియు ఒక్క కట్టతోనే లభించునని వారు లెక్కవేసిరి. దిగువనున్న మద్రాసు ప్రభుత్వముతో కలిగిన తగవు 1924 నాటి యొడంబడికతో గాని తీఱలేదు. సిమెంటు మన దేశమున దుర్లభమైన ఆ కాలమున సున్నమును ఇటుకపొడియు గలిపిన సుర్కీ గచ్చుతో ఆ మహాసేతువు లేచి, 1930వ దశకపు మొదటి వత్సరములలో సంపూర్ణమయ్యెను. 1933లో మండ్యయందు చక్కెర కర్మాగారము వెలసెను. కన్నంబాడి మొదలైన పల్లెల ప్రజలు తమ యిండ్లను, పొలములను నీటికప్పగించి లేచిపోయిరన్న మాటను గూడ మఱవరాదు.

ఆనకట్టకంటె మాకు మిక్కిలి వింతగా దోచునది అదే 1911వ సంవత్సరమున వారి ప్రేరణముచే వెలసిన యొక సభ. దానికి కన్నడమున సంపదభ్యుదయ సమాజమని పేరు. ప్రభుత్వోద్యోగులును, ఉద్యోగము లేని రైతులును, వర్తకులును, విద్యావంతులును ఒక్కచోట గూర్చుండి, సీమ యొక్క వ్యవసాయమును, పరిశ్రమలను, విద్యను గూర్చి యాలోచించుట దాని పని. జిల్లాలలోను తాలూకాలలోను దానికి శాఖలుండెను. ఏ తాలూకాలో ఏ కొఱత గలదో అచ్చటివారే గుర్తించి, తీర్చు మార్గమును వారే చెప్పవలెనని దాని సంకల్పము. రాజధానిలో వ్రాసిన ఉత్తరువు పల్లెకు దిగుట మన దేశమున పాత మర్యాద. పల్లెలోని తలపు రాజధాని కెక్కుట క్రొత్త మర్యాద.

ఆ సమాజమునుండి పుట్టిన యొక శిశువు వలన దాని స్వభావము చక్కగా దెలియును. ధనాభివృద్ధిని గూర్చి చర్చింప గూడినవారు, జనులకు దెలిసిన భాషలో శాస్త్రగ్రంథములు లేనిదే క్రొత్త విద్యలు పల్లెలకు చేరవని గుర్తించి, కన్నడ భాషాభివృద్ధికై ఉపసంఘము నేర్పఱచిరి. దాని ఫలముగా 1915 మే నెలలో బెంగుళూరున సాహిత్య పరిషత్తు స్థాపితమయ్యెను. పలు రాజ్యములలో చీలియుండిన కన్నడిగులను భాష మూలముగా నేకము చేసిన సంస్థ యది. మన ఆంధ్ర సాహిత్య పరిషత్తు 1911లోనే మద్రాసున వెలసినది; దాని నెలకొల్పినవారు పండితులు, భాషాభిమానులు. మైసూరునందో, పంటలను యంత్రములను చర్చించు సభయే సాహిత్య సభకు పురుడు పోసెను. కవిత్వమును కర్మాగారమును ఒండొంటికి శత్రువులని తలచు వారీ సంగతిని గమనింపవలయును.

1912లో మహారాజు నాల్గవ కృష్ణరాజ ఒడయరువారు విశ్వేశ్వరయ్యగారిని దివానుగా నియమించిరి. ఆ పదవి గైకొనుటకు ముందు వారు తమ బంధువులను బిలిచి, తమవలన నెవ్వరును స్వలాభము కోరరాదని మాట తీసికొనిరన్న కథ ప్రసిద్ధము. ఆఱేండ్లలో వారు చేసిన పనుల పట్టిక పెద్దది. 1913లో మైసూరు బ్యాంకు, హెబ్బాళ వ్యవసాయ పాఠశాల, నిర్బంధ ప్రాథమిక విద్యా శాసనము. 1915లో బెంగుళూరు, మైసూరు నగరములయందు ప్రజా గ్రంథాలయములు. 1916లో మైసూరు విశ్వవిద్యాలయము. 1917లో బెంగుళూరు ఇంజనీరు కళాశాల. ఆ కాలమున పాఠశాలల సంఖ్య రెండింతలు మించెను. కులమును బట్టి యే బిడ్డకును ప్రభుత్వ పాఠశాలలో ప్రవేశము నిరాకరింపరాదని 1915లో ఉత్తరువు వెలువడెను.

చందన తైలము కథ యొక్కటి చెప్పిన చాలును. మైసూరు అడవులలోని గంధపు చెక్కలను యూరపు వర్తకులు కొనిపోయి, అచ్చట నూనె తీసి, అధిక మూల్యమునకు అమ్ముకొనుచుండిరి. 1914లో యుద్ధము రాగా ఆ బేరము నిలిచి, చెక్కలు గుట్టలుగా పడియుండెను. దివానుగారు బెంగుళూరు విజ్ఞాన సంస్థలోని ఆచార్యుల సాయమున నూనె తీయు విధమును పరిశోధింపజేసి, 1916లో బెంగుళూరుననే కర్మాగారము తెఱపించిరి. అడవి యదియే, చెట్టు నదియే. నడుమ చేరినది విద్య.

ఇక ప్రజాధికారము. మైసూరున రంగాచార్యులుగారు దివానుగా నుండగా 1881లోనే ప్రజాప్రతినిధి సభ వెలసెను. ఏటికొకమాఱు దసరాకు గూడి విన్నపములు చేసి పోవుటయే దాని పని. విశ్వేశ్వరయ్యగారి కాలమున 1917 నుండి ఆదాయ వ్యయ పట్టికను విచారించుటకు ఏటికి రెండవ సమావేశము గూడ జరుగసాగెను. శాసన సభలో సభ్యుల సంఖ్య ఇరువది నాలుగునకు పెఱిగెను. ప్రశ్నించు హక్కును, ఆదాయ వ్యయములను చర్చించు హక్కును వారికి లభించెను. 1918లో స్థానిక సంఘములను, గ్రామ పంచాయతులను గూర్చిన శాసనము వచ్చెను. ఐనను తుది నిర్ణయము మహారాజుదే, దివానుదే. ప్రజలకు బాధ్యత వహించు మంత్రివర్గము 1947 అక్టోబరున గాని మైసూరునకు రాలేదు. ప్రజలకు ప్రశ్నించుట నేర్పిన సభ యది, శాసించు సభ గాదు.

ప్రశ్నించుట నేర్చిన ప్రజలు ప్రశ్నింపకుందురా? బ్రాహ్మణులు ఆ సంస్థాన జనసంఖ్యలో నూటికి నలుగురైనను లేరు. పెద్ద యుద్యోగములలో సగమునకు పైగా వారివే. తక్కిన కులములవారు 1917లో ప్రజామిత్ర మండలి యను సంఘము నేర్పఱచుకొని, తమ భాగము తమ కీయవలెనని మహారాజును వేడిరి. దివానుగారు బ్రాహ్మణులు, ఐనను స్వకులాభిమానముచే వారు దీని నడ్డగించిరనుట వారి చరిత్రమున కనురూపము గాదు. యోగ్యత యొక్కటియే పదవికి కొలత గావలెననియు, ముందు విద్య వ్యాపించినచో పదవులు తామై వచ్చుననియు, కులమును బట్టి యిచ్చినచో పాలన చెడుననియు వారి నమ్మకము. మహారాజు 1918లో ప్రధాన న్యాయాధిపతి లెస్లీ మిల్లరుగారి యాధిపత్యమున కమిటీని నియమించిరి. ఆ భేదాభిప్రాయము ముదిరి, ఆ సంవత్సరాంతముననే విశ్వేశ్వరయ్యగారు పదవి విడిచిరి. మఱుసటి యేట ఆ కమిటీ, ఏడేండ్లలోపల పెద్ద యుద్యోగములలో సగమును, చిన్న వానిలో మూడింట రెండు వంతులును వెనుకబడిన వర్గములకు చేరవలెనని చెప్పెను. 1921లో ప్రభుత్వము దాని నంగీకరించెను.

ఈ వివాదమున మా తీర్పేమన, దివానుగారి భయము ఫలింపలేదు. వారు వెడలిన తరువాతను మైసూరు పాలన చెడలేదు. ఆనకట్ట పూర్తియయ్యెను, కర్మాగారములు పెఱిగెను. కాలువ తుదనున్న రైతుకు తనంతట నీరు చేరదని యెఱిగి వంతు లేర్పఱచినవారు, ఉద్యోగముల కాలువయందు గూడ తూము దగ్గఱివారే నీరాపుకొందురని గ్రహింపకపోవుట యొక విధి విలాసము. కాని వారి మాటలో సగము సత్యము గలదు. పదవి కేటాయించినంత మాత్రమున దానిని నిర్వహించువాడు పుట్టడు. ఆ పదవులను గైకొనుటకు అర్హులు తయారగుటకు బడులు గావలెను. ఆ బడులను వేలకొలదిగా పెంచినవారు విశ్వేశ్వరయ్యగారే. వారు తెఱచిన పాఠశాలయు, వారు సమ్మతింపని కేటాయింపును రెండును గలిసిననే కార్యము నెఱవేఱినది.

పదవి విడిచిన పిమ్మట వారు విశ్రమింపలేదు. 1923 నుండి 1929 వఱకు భద్రావతి ఇనుప కర్మాగారమును నష్టములనుండి గట్టెక్కించుటకు పాటుపడిరి. 1934లో భారత దేశమునకు ప్రణాళికాబద్ధమైన యార్థిక వ్యవస్థను గూర్చి గ్రంథము ప్రకటించిరి. స్వతంత్ర భారతమున ప్రణాళికా సంఘ మేర్పడుటకు పదునాఱేండ్లు ముందటి మాట యది. 1955లో భారతరత్న బిరుదము వారిని వరించెను. నూఱేండ్లు నిండిన పిదప 1962 ఏప్రిలు 14వ తేదీన బెంగుళూరున కీర్తిశేషులైరి. స్వగ్రామమగు ముద్దేనహళ్ళిలో వారి సమాధి గలదు.

ఈ మహాసభకు విచ్చేసిన సోదరీసోదరులు భాగము నడుగుట న్యాయమే. నడుగకున్న నెవ్వరు నీయరు. నడుగువారికి రెండవ ధర్మము గూడ గలదని మా మనవి. మన తాలూకాలలో ఎందఱు పిల్లలు బడి నడుమ మానుచున్నారు, మన చేతిపనులలో నేవి చందనపు చెక్కవలె చవుకగా పరుల పాలగుచున్నవి, మన సంఘము లెక్కలను ప్రశ్నించుటకు సామాన్య సభ్యునకు చోటు గలదా యని ప్రతి శాఖయు కూర్చుండి విచారింపవలయును. మన వసతిగృహములలో కాలువ తుదనున్న పేదబిడ్డకు ముందు చోటిచ్చితిమా యని గూడ విచారింపవలయును. ఆ విచారమునకు పూనుకొన్ననాడు ఈ మహనీయుని స్మరించినందులకు సార్థకత కలుగును. సభ్యులెల్లరకు శుభమగు గాక!